సముద్రపు వంతులు, కాగితముల బరువు

ప్రభుత్వములు ప్రజలపై మోపు పన్నులు రెండు తెఱగులు. మొదటిది రూకలలో చెల్లించునది. దానిని గుఱించి శాసనసభలలో చర్చలు జరుగును, పత్రికలు వ్రాయును, బడ్జెట్టు దినమున ప్రతివాడును తన లెక్క తాను చూచుకొనును. రెండవది కాలముతో చెల్లించునది. ఫారములు, నకళ్లు, ప్రమాణపత్రములు, సంతకములు, సాక్షులు, కచ్చేరీ గుమ్మమున పడిగాపులు, ఇవియన్నియు ఆ పన్నులోనివే. దీనికి బడ్జెట్టు లేదు, రసీదు లేదు. అంతకంటె చింతింపదగినది మఱొకటి కలదు. ఈ రెండవ పన్ను కలవానిపై తేలికగను, లేనివానిపై బరువుగను పడును. గుమాస్తాను, ప్లీడరును పెట్టుకొనగల కంపెనీకి ఒక ఫారము చిల్లరఖర్చు; తన పడవకు తానే సరంగును, తానే కళాసీయు, తానే లెక్కలు వ్రాయువాడును అయిన వేటగానికి అదే ఫారము వేటకు పోని దినము.

చేపలవేటకు వంతులు, అనగా కోటాలు, నిర్ణయించిన దేశములలో ఈ సంగతి మిక్కిలి స్పష్టముగా కనబడుచున్నది. అందులకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అలాస్కా తీరమును మేము దృష్టాంతముగా గైకొనుచున్నాము. అచ్చట 1995 నుండి హాలిబట్, సేబుల్ అను రెండు జాతుల చేపలవేట వ్యక్తిగత వంతుల పద్ధతిపై నడచుచున్నది. ముప్పది సంవత్సరముల యనుభవము అల్పము కాదు. ఆ పద్ధతికి చెందిన కాగితములను తగ్గింపవలెనను మాట అచ్చట చాలకాలముగా వినబడుచున్నది. కొంత తగ్గించిరి కూడ. తగ్గింపదగినదేది, తగ్గింపరానిదేది అను ప్రశ్నకు మాత్రము తిన్నని సమాధానము దొరకినట్లు మాకు తోపదు.

హాలిబట్ అనునది బల్లపఱపుగా నుండు మహామత్స్యము. మన తీరమున నాలుకచేప యెట్లు నేల నంటుకొని పడియుండునో అదియు నట్లే సముద్రపు టడుగున పడియుండును. కాని బాగుగ పెరిగినది మనుష్యుని మించిన బరువు తూగును. పొడవైన త్రాటికి వందలకొలది గాలములు కట్టి, ఎఱ గ్రుచ్చి, లోతునకు దింపి దీనిని పట్టుదురు. ఈ చేప తరిగిపోవుచున్నదని గ్రహించి అమెరికా, కెనడా ప్రభుత్వములు 1923 లోనే ఒడంబడిక చేసికొని ఉమ్మడిగా ఒక కమిషనును నెలకొల్పినవి. ఏటేట ఇంత మాత్రమే పట్టవచ్చునని హద్దు ఏర్పడినది. హద్దు ఉన్నది గాని, అందులో ఎవరికెంత అను నిర్ణయము లేదు. ముందు పరుగెత్తి పట్టుకొన్నవానిదే చేప. పడవలు పెరిగినకొలది హద్దు త్వరగా నిండజొచ్చెను. ఋతువు నెలలనుండి వారములకు, వారములనుండి దినములకు దిగెను. 1990 ప్రాంతమునకు ముఖ్యమైన వేటస్థలములలో ఏడాదికి రెండు మూడు మాఱులు, మాఱునకు ఇరువదినాలుగు గంటల చొప్పున, వేట తెఱచుచుండిరి. ఆనాడు గాలివాన లేచినను పడవ దింపవలసినదే. దింపనివానికి ఆ యేడు లేదు. నిద్ర లేక, మోయరాని బరువు నెక్కించుకొని, పడవలు మునిగినవి, ప్రాణములు పోయినవి. గడువు ముగియుటచే లాగలేని త్రాళ్లను తెంచి సముద్రములో వదలివచ్చిరి. వాని గాలములకు చిక్కిన చేప ఎవరికిని గాక నశించెను. ఏడాది సరకంతయు ఒక్కమాఱు రేవున దిగుటచే ధర పడిపోయెను. జనులకు తాజాచేప దొరకక మంచులో గడ్డకట్టినదే గతి యయ్యెను.

ఈ దురవస్థను తొలగించుటకై ఉత్తర పసిఫిక్ మత్స్యనిర్వాహక మండలి 1991లో వంతుల పద్ధతిని అంగీకరించెను. 1993లో నిబంధనలు వెలువడెను. 1995 మార్చి 15వ తేదీన ఆ పద్ధతిపై వేట ఆరంభమయ్యెను. అది మన రైతులకు సులభముగ బోధపడునట్టిది. ఒక చెఱువు క్రింద ఆయకట్టుదారుల కందఱకును వంతులున్నవనుకొందము. ఏ యేట చెఱువు నిండునో, ఏ యేట సగమే నిండునో యెవరు నెఱుగరు. వంతు మాత్రము మాఱదు. నిండినయేట అదే వంతునకు ఎక్కువ నీరు, వెలితియేట తక్కువ నీరు. ఇచ్చట చెఱువు సముద్రము. నీటిమట్టము ఆ యేటి హద్దు. వేటగాని పాలికి వచ్చు నీరు అతడు పట్టదగిన చేపల పౌనులు. తన వంతు తనకు భద్రముగ నుండుటచే ఎవరితోను పరుగుపందెము లేదు. మార్చి మొదలు సుమారు ఎనిమిది నెలలు వాతావరణము చూచుకొని, ధర చూచుకొని వేటకు పోవచ్చును. సముద్రముపై అపాయము తగ్గినది, తాజాచేప అంగడికెక్కినది. ఈ మేలును మేము చిన్నదిగా చెప్పము.

అయితే చెఱువునీటి వంతునకు నీరుగంటి ఒక్కడు చాలును; సముద్రపు వంతునకు దస్త్రము వలయును. చేపకు గట్టు లేదు. సముద్రమునకు సరిహద్దురాయి లేదు. వంతు అనునది కాగితముమీదనే పుట్టి, కాగితముమీదనే బదిలీయై, కాగితముమీదనే ఖర్చగును. కావున కాగితములన్నిటిని కొట్టివేయుడని ఉత్సాహముతో పలుకువారితో మేము ఏకీభవింపజాలము. అట్లు కొట్టివేసినచో మిగులునది పూర్వపు పరుగుపందెమే.

మొట్టమొదటి కాగితమునే చూడుడు. వంతులు ఎవరికీయవలెను? 1988, 1989, 1990 సంవత్సరములలో ఏదో యొకదానియందు చేప దింపిన పడవకు యజమానియో, కౌలుదారుడో అయియుండవలెనని నియమము. హాలిబట్ విషయమున 1984 మొదలు 1990 వఱకు గల యేడేండ్లలో మిక్కిలి యెక్కువగా పట్టిన అయిదేండ్ల మొత్తమును బట్టి వంతు. చేప దింపినప్పుడు రాష్ట్రప్రభుత్వమునకు వ్రాసియిచ్చిన చీటీలే సాక్ష్యము. 1994లో దరఖాస్తులు గైకొనిరి. దస్త్రములో నున్నవాడు వంతుదారుడయ్యెను. లేనివాడు తనకు రావలసియున్నదని తానే ఋజువు చేసికొనవలసివచ్చెను. పడవపై ఇరువదేండ్లు ఎఱ గ్రుచ్చి, త్రాడు లాగి, చేతులు పగిలిన కళాసీల మాట యేమి? వారిపేర ఏ చీటీయు లేదు, వారికేమియు రాలేదు. హాలిబట్ వంతులు మొదట పొందినవారు సుమారు 4,800 మంది. ఈ పంపకమును వ్యతిరేకించినవారు న్యాయస్థానమున కెక్కిరి. 1996లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలుకోర్టు ప్రభుత్వము చేసినదానినే నిలువబెట్టెను. చట్టప్రకారము అది సరియై యుండవచ్చును. కాని ఉచితముగ వచ్చిన వంతు మఱునాటినుండి విలువగల ఆస్తి యయ్యెను. ఆనాడు చీటీ లేని కళాసీ కొడుకు నేడు దానిని అప్పుచేసి కొనవలయును.

న్యూజీలండులో ఇంతకంటె కఠినముగ జరిగినది. అచ్చట 1986లో వంతులు ప్రవేశపెట్టుటకు ముందు, తమ యాదాయములో 80 శాతమో, లేక పదివేల డాలర్లో చేపలవేటనుండి వచ్చినదని చూపలేనివారిని 1983 చట్టము ననుసరించి వృత్తివేటగాండ్ర పట్టికనుండి తీసివేసిరి. కొన్నాళ్లు చేపలు పట్టి, కొన్నాళ్లు పొలములో పనిచేసి బ్రతుకు మావోరీలు పలువురు ఆ నిర్వచనమున కందకపోయిరి. తరతరములుగా సముద్రముపై బ్రతికినవాడు ఒక గడి నింపలేక వేటగాడు కాకపోయెను! ఆ యన్యాయమును దిద్దుటకు వ్యాజ్యములు, సంప్రదింపులు, తుదకు 1992 నాటి ఒడంబడిక చట్టము కావలసివచ్చినవి. ఆ గడిని గీచిన గుమాస్తాకు దాని ఫలితము ఇంత దూరము పోవునని తోచియుండదు.

ఇక వంతు చేతికి వచ్చినపిమ్మట అలాస్కా వేటగాడు మోయు కాగితములను చూతము. ఏటేట వేట అనుమతిపత్రము ఉండవలెను. అందు తన వంతు ఏ తరగతి పడవకు చెందినదో తెలియవలెను: హాలిబట్ విషయమున 35 అడుగుల లోపలి పడవ ఒక తరగతి, అది దాటి 60 అడుగుల వఱకు వేఱొకటి, 60 దాటినది మఱొకటి, చేపను పడవపైననే గడ్డకట్టించునది ఇంకొకటి. తాను పోక జీతపు సరంగును పంపు హక్కు గలవాడు అట్లు పంపినచో దానికి వేఱు అనుమతి. రేవు చేరుటకు కనీసము మూడుగంటల ముందు ఎచ్చట, ఎప్పుడు, ఎంత చేప దింపునో తెలుపవలెను. కొనువాడు నమోదైన కొనుగోలుదారుడై యుండవలెను. తూనిక యైనతోడనే దింపుడు నివేదిక వ్రాయవలెను. వంతును మించి కొంచెము పట్టినచో మఱుసటియేట తగ్గింపు, కొంచెము మిగిలినచో మఱుసటియేటికి చేర్పు, ఇవి పదిశాతము వఱకు; ఆ లెక్క యొకటి. పడవచిట్టా యొకటి. పడవపై పరిశీలకుని నుంచుకొను నేర్పాటు 2013 నుండి చిన్నపడవలకును వ్యాపించినది. 2018 నుండి పరిశీలకునికి బదులు కెమెరా పెట్టుకొనుటకు వేఱొక పద్ధతి వచ్చినది. వంతు అమ్మదలచినచో బదిలీ దరఖాస్తు. మొదట వంతు పొందనివాడు కొనదలచినచో, అమెరికా వాణిజ్యవేటలో 150 దినములు పనిచేసినట్లు చూపి అర్హతాపత్రము పొందవలెను. రోగము వచ్చినచో వైద్యుని పత్రముతో తాత్కాలికపు బదిలీ. వంతుదారుడు మరణించినచో భార్యకో, వారసులకో మూడేండ్ల వఱకు ఏటి పౌనులను ఇతరులకిచ్చుకొను వెసులుబాటు కలదు. మంచిదే, దానికిని దరఖాస్తు వలయును. భర్త పోయిన యిల్లాలికి మొదట వచ్చిపడు పనులలో ఇదియొకటి.

వీనిలో ఏ యొక్కటియు దానంతట దుర్భరము కాదు. ప్రతిదానికిని కారణము చెప్పవచ్చును. ముందుగ తెలుపుట లేకున్న చీకటిమాటున చేప దిగును. దింపుడు నివేదిక లేకున్న సముద్రములో ఎంత మిగిలెనో లెక్కించువారికి దారి లేదు. ఆ లెక్క తప్పినచో వచ్చు ఏటి హద్దు తప్పును. హద్దు తప్పినచో చేపయే పోవును. బరువంతయు కూడికలో నున్నది. పది కచ్చేరీలవారు తలయొక బిందె నెత్తించిరి. మోయు తల యొక్కటే. పైగా అదే పేరు, అదే చిరునామా, అదే పడవసంఖ్య, అదే అనుమతిసంఖ్య ప్రతి ఫారమునందును క్రొత్తగా వ్రాయుమందురు. తానిచ్చిన సంఖ్యను తనకే మరల చెప్పుమని ప్రభుత్వమేల యడుగవలెను?

ఇంకొక విశేషము. ఈ నిర్వహణకగు వ్యయమును వంతుదారులనుండియే వసూలు చేయుదురు. రేవుధరపై మూడు శాతమునకు మించరాదని చట్టము గీత గీచినది. కొన్ని యేండ్లలో రుసుము ఆ గీతను ముట్టినది. చేపధర పడినయేట, పట్టుబడి తగ్గినయేట కచ్చేరీఖర్చు తగ్గదు గనుక శాతము పెరుగును. కావున అచ్చటి వేటగాడు ఫారము నింపుటకు తన కాలమును, ఆ ఫారమును చదువు గుమాస్తాకు తన ధనమును రెండును ఇచ్చుచున్నాడు. కాగితము తగ్గింపుమని అతడు కోరుట యాచన కాదు, చెల్లించువాని హక్కు.

ఈ కాలపు పన్నునకు లెక్కచూచు చట్టమొకటి అమెరికాలో కలదని చెప్పినచో మన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. 1980లో పుట్టి 1995లో సవరింపబడిన కాగితభార నివారణ చట్టము ప్రకారము, సమాఖ్యప్రభుత్వములోని యే శాఖయైనను పదిమందికి గాని అంతకు మించినవారికి గాని ఒకే ప్రశ్నావళి పంపదలచినచో, ఆ ప్రశ్నలు ఎందులకో, నింపుటకు ఎంతకాలము పట్టునో గంటలలో లెక్కగట్టి, ప్రజాభిప్రాయమునకై అరువది దినములు ప్రకటింపవలెను. ఆపై అధ్యక్షుని కార్యాలయమునకు చెందిన బడ్జెట్టు శాఖ పరీక్షించి ఒక సంఖ్య నిచ్చును. ఆ యనుమతి మూడేండ్లకు మించి చెల్లదు. ఆ సంఖ్య లేని ఫారమును నింపకున్నందుకు ఎవరిని శిక్షింపరాదు. ఈ చివరి నియమము బంగారు నీటితో వ్రాయదగినది. మన కచ్చేరీలలో బల్లమీదికి వచ్చు ప్రతి ఫారమునకు ఇట్టి జాతకచక్ర ముండవలెనన్నచో ఎన్ని నిలుచునో విజ్ఞులు యోచింపగలరు.

కాని చట్టమెంత మంచిదైనను దాని లెక్క సగటు లెక్క. ఈ ఫారమునకు ఇన్ని నిమిషములు, నింపువారు ఇంతమంది, వెరసి యిన్ని గంటలు అని పట్టిక వేయుదురు. అవి ఎవరి నిమిషములు? సియాటిల్ నగరములో కంపెనీ గుమాస్తా వెచ్చని గదిలో గడపిన పావుగంటయు, కోడియక్ దీవులలోని పల్లెలో పడవ కట్టివచ్చి తడిచేతులు తుడుచుకొనుచు వేటగాడు గడపిన పావుగంటయు ఆ పట్టికలో ఒక్కటే. సూచనలు చదువు కాలమును, లెక్కలు వెదకు కాలమును గూడ కలిపియే గణింతురు, నిజమే. కాని తప్పుపడి తిరిగివచ్చిన దరఖాస్తుకై వేచిన వేటదినములను, భయపడి అసలు దరఖాస్తే పెట్టనివాని నష్టమును ఏ పట్టికయు ఎక్కింపదు. ప్రజాభిప్రాయమునకు ఇచ్చిన అరువది దినములు నడివేటలో పడినచో అభిప్రాయము వ్రాయువా రెవరో వేఱుగ చెప్పనక్కఱలేదు, సముద్రముపై లేనివారు.

జరిగిన మేలును గూడ చెప్పవలెను. పూర్వము ఒకే చేప రేవున దిగినచో రాష్ట్రప్రభుత్వమున కొక చీటీ, సమాఖ్యప్రభుత్వమున కొక నివేదిక, హాలిబట్ కమిషనునకు ఒక లెక్క. 2005 మొదలు ఈ మూడు సంస్థలును కలసి 'ఈ-ల్యాండింగ్స్' అను ఒకే కంప్యూటరు పద్ధతిని నడపుచున్నవి. కొనుగోలుదారు ఒక్కమాఱు ఎక్కించిన తూనిక రాష్ట్రపు చీటీగను, వంతుఖాతాలో ఖర్చుగను, కమిషనునకు లెక్కగను పనిచేయును. మేము సరళీకరణమని దేనినందుమో అది యిది. చేపల లెక్క ఒక్క పౌనైనను పోలేదు. మూడు వ్రాతలు ఒక వ్రాతయైనవి. 26 అడుగులకు తక్కువైన పడవకు కమిషను చిట్టా నిర్బంధము లేకుండుటయు నిట్టిదే. పడవకు తగిన బరువు.

కాగితమును కంప్యూటరున కెక్కించుటయే సరళీకరణమని కొందఱు తలంతురు. నలుబది ప్రశ్నల ఫారము తెరమీదను నలుబది ప్రశ్నల ఫారమే. ఇంటర్నెట్టు నిలకడగ అందని పల్లెలో అది మఱింత కష్టము. కాగితమైనచో టపాలో నైనను వేయవచ్చును.

ఇంతకంటె మెలకువ వలసిన చోటొకటి కలదు. సరళీకరణ మను మాట వినసొంపైనది. దాని చాటున వేఱొక కోరికయు దాగియుండును. క్రొత్తగ వంతు కొన్నవాడు తానే పడవపై నుండవలెనను నియమము, చిన్నపడవల వంతులకు వేఱు తరగతులు, ఒక్కరిచేత ఇంతకు మించి వంతులు చేరరాదను హద్దులు, చిన్నవంతులను విడదీయరాని దిమ్మెలుగ కట్టుట, వీనిలో ప్రతిదానిని కాపాడుటకు ఏదో యొక కాగితము అవసరమే. పెద్ద వంతుదారునకు ఇవియన్నియు అనవసరపు చిక్కులు. వీనిని తీసివేసినచో దస్త్రము తేలికపడునుగాని, సముద్రమున మత్స్యన్యాయము ప్రబలును. భూమి విషయమున ఇది మనకు తెలియనిదా? పట్టాదారు పట్టణములో నుండగా సాగుచేయువాడు కౌలుకట్టుచు బ్రతికినాడు. జమీందారీలను రద్దుచేసికొన్న దేశస్థులము సముద్రముపై క్రొత్త జమీందారీలను చూచి మెచ్చజాలము. ఇన్ని కట్టుబాట్లుండియు అలాస్కా హాలిబట్ వంతుదారుల సంఖ్య ఇరువదేండ్లలో దాదాపు సగమునకు దిగినది. 2020లో కోవిడ్ వ్యాపించి ప్రయాణములు నిలిచినప్పుడు ఏటి పౌనులను తాత్కాలికముగ ఇతరులకిచ్చుకొన ననుమతించిరి; అది తగినదే. ఆపద్ధర్మమును నిత్యధర్మముగ చేయుమను కోరికను మాత్రము అనుమానముతో చూడవలెను.

కాగితమును తగ్గించుట వేఱు, కట్టుబాటును సడలించుట వేఱు. యజమాని పడవపై నున్నాడా అను ప్రశ్న యుండవలసినదే. దింపుడు నివేదికలోనే సమాధానము దొరకునట్లు చేసినచో మఱొక పత్రమేల? వంతు కొనువానికి 150 దినముల యనుభవ ముండవలెననుట న్యాయమే. పడవచిట్టాలో యజమాని పేరితోపాటు ఆనాటి కళాసీల పేర్లకును ఒక గడి యుండినచో, పదేండ్ల పిమ్మట ఆ దినములను ఋజువు చేసికొనుటకు కళాసీ పాత యజమానుల గుమ్మములు త్రొక్కనక్కఱలేదు. ఒక్కొక్కప్పుడు ఒక గడి చేర్చుటయే పది కాగితములను తగ్గించుట. 1990 నాటి చీటీలలో ఆ గడి యుండియుండినచో వంతుల చరిత్రయే వేఱుగ నుండెడిది.

కాగితపు బరువు ఊరికి ఊరినే ఎట్లు క్రుంగదీయునో చూపు ఉదాహరణ మొకటి. అలాస్కా గల్ఫ్ తీరపు చిన్నపల్లెలనుండి వంతులు అమ్ముడై తరలిపోవుచుండగా 2004లో ఒక ఉపాయము చేసిరి. పల్లె పేర లాభాపేక్ష లేని సంస్థ యొకటి ఏర్పడి, వంతులు కొని, ఊరివారికి ఏటేట కౌలునకిచ్చుకొనవచ్చును. మొదట 42 పల్లెలు అర్హములని ప్రకటించిరి. కొన్నవి మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ధనము దొరకకపోవుటయే ప్రధానకారణము. దానిని మేము దాచము. కాని సంస్థను నమోదు చేయుట, ఊరి పెద్దల సమ్మతిపత్రము, వంతులు ఊరివారికెట్లు పంచునో తెలుపు వివరణ, వార్షికనివేదిక, ఇన్నిటికి రెండు మూడు వందల జనమున్న ఊరిలో జీతమునకు ఒక మనిషిని పెట్టవలెను. ఆ జీతము వంతుమీది రాబడినుండి రావలెను. ఆ వంతు రావలెనన్న ముందు ఆ మనిషి యుండవలెను. పెండ్లి యైనగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అను సామెత మనవారు ఇట్టివానిని చూచియే చెప్పియుందురు. ఇట్టి పల్లెలకు కచ్చేరీయే తన గుమాస్తా నొకని కొన్నాళ్లు పంపి దస్త్రము సిద్ధము చేయించినచో ఖజానాకు వచ్చు నష్టము స్వల్పము.

మన తీరమునకు దీనితో నేమి సంబంధమని యడుగువారుందురు. భారతదేశమున సముద్రపు చేపలకు వ్యక్తిగత వంతులు లేవు; ఉండవలెనని మేము చెప్పుటయు లేదు. కాని మన రేవులకు కాగితము క్రొత్త కాదు. ఉప్పుపన్ను నాళ్లలో చెన్నరాజధాని తీరమున ప్రభుత్వము చేపలకు ఉప్పువేయు యార్డులను పెట్టి, టిక్కెట్టు పొందినవారికి పన్ను లేని యుప్పు నిచ్చుచుండెను. ముందు సముద్రము, ప్రక్కను ఉప్పుపఱ్ఱలు. చేపకు ఉప్పు రాయుటకు సర్కారు టిక్కెట్టు! ఆ కాలము గడచినది. నేడు తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుచున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలపు భృతి 2019లో పదివేల రూపాయలైనది, 2025లో ఇరువదివేలైనది. ఆ భృతి పడవ నమోదుపైని, ఆ పడవపై పనిచేయువారి పేర్ల జాబితాపైని ఆధారపడియున్నది. 2025 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము మన ప్రత్యేక ఆర్థికమండలమున వేటాడు యాంత్రిక నౌకలును, పెద్ద మోటారు పడవలును ఆన్‌లైను ద్వారా అనుమతిపత్రము పొందవలెను. సంప్రదాయపు చిన్నపడవలకు ఆ నిర్బంధము లేదు. ఆ మినహాయింపు మంచిది.

రేపు మన సముద్రమునకును హద్దులు ఏర్పడినచో, ఈనాటి జాబితాలే ఆనాటి సాక్ష్యములగును. అలాస్కా కళాసీకి 1990లో లేకపోయిన చీటీ మన కళాసీకి నేడు చేతిలో నుండవలెనని మా కోరిక. అందుకు క్రొత్త ఫారము అక్కఱలేదు. నిషేధకాలమున పడవలను లెక్కించునప్పుడు వ్రాసిన జాబితాను ఆ సాయంకాలమే రేవులో పదిమంది యెదుట తెలుగులో చదివి వినిపించి, పేరెక్కినవానికి ఒక చీటీ యిచ్చి, ఎక్కనివాని మాట అచ్చటనే విని వ్రాసికొనినచో చాలును. తప్పు ఆనాడే తేలును. జిల్లా కచ్చేరీకి బస్సుఖర్చు మిగులును.

మఱొక ప్రశ్న మిగిలియున్నది. శ్రీకాకుళము జిల్లా వేటగాండ్రు వేలకొలది గుజరాతునకు వలసపోయి వేరావలు పడవలపై కళాసీలుగ పనిచేయుచున్నారు. వారిల్లు ఇచ్చట, పడవ అచ్చట. వారు ఏ రేవు పుస్తకములో నెక్కుదురో, ఉభయరాష్ట్రముల మత్స్యశాఖలవారు వచ్చు ఏప్రిల్ 15వ తేదీ లోపల చెప్పగలరా?